ఎర్ర దీపం వెలగని ఆదివారం

తార్నాకలో రాజలింగు సారు గుమ్మం ముందు నీలం పట్టీల చెప్పులు కనిపించాయంటే దివాకర్‌కు లోపలికెళ్లి తాగబోయే చాయ్ అప్పుడే చేదైపోయేది. ఆ చెప్పులు ప్రియాంకవి. ఆ పిల్ల మేడ మీది గదిలో అద్దెకుంటుంది, మెట్లు దిగితే సారు గుమ్మమే. దిగకుండా ఎలా ఉంటుంది? దిగితే చెప్పులు ఇంకెక్కడ విడుస్తుంది? ఈ సంగతి దివాకర్‌కూ తెలుసు. తెలిసినంత మాత్రాన మంట చల్లారుతుందా! యూనివర్సిటీ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు, ఇద్దరు పిల్లల తండ్రి, చెవుల పక్కన వెంట్రుకలు నెరిసిన మనిషి, ఓ జత చెప్పుల్ని చూసి కుళ్లుకుంటున్నాడంటే ఎవరైనా నవ్వుతారు. నవ్వనీయండి. కుళ్లు వయసు చూసి పుట్టదు.

రాజలింగు సారు లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యాడు. ఆయనకున్న ఒకే ఒక్క వ్యసనం హామ్ రేడియో. పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకుని, సొంత సెట్టుతో గాల్లో ఒకరితో ఒకరు మాట్లాడుకునేవాళ్లను హామ్‌లంటారు. సెల్‌ఫోను జేబులో ఉండగా ఇదేం ఖర్మ అని అడిగేవాళ్లు అడుగుతూనే ఉంటారు, వీళ్లు మాట్లాడుకుంటూనే ఉంటారు. క్యాంపస్‌లో పాత బిల్డింగు పై అంతస్తులో క్లబ్బు గది పెట్టించింది సారే. ఆదివారం పొద్దున ఎనిమిదింటికి 'నెట్' మొదలుపెట్టిందీ సారే. ఒకరు క్లబ్బు గదిలో కూర్చుని పేరుపేరునా పిలుస్తారు. మౌలాలి నుంచి ఒకరు, రామంతాపూర్ నుంచి ఇంకొకరు పలుకుతారు. ఎవరి యాంటెన్నా గాలికి వంగింది, ఎవరి వీధిలో నీళ్లు నిలిచాయి, ఎవరికి మోకాళ్ల నొప్పి, అన్నీ అక్కడే తెలుస్తాయి. పిలిచేవాడికి ఒక పాత టేకు కుర్చీ, దానికి ఒక చెయ్యి వదులు. దివాకర్ లోకంలో దానికి మించిన సింహాసనం లేదు.

కిందటేడు సారు గొంతు పాడైనప్పటి నుంచి ఆ కుర్చీలో కూర్చుంటున్నది దివాకరే. కానీ "ఇగ కుర్చీ నీదిరా" అని సారు నోరు తెరిచి అనలేదు. అడిగితే "జర చూద్దాం తియ్యి" అనేవాడు. ఆ చూద్దాం మధ్యలోకి వచ్చి పడింది ప్రియాంక.

నంద్యాల పిల్ల. క్యాంపస్‌లో ఎలక్ట్రానిక్స్ రీసెర్చి. లైసెన్సు వచ్చి ఇంకా ఏడాది కాలేదు. అయినా సారుకు ఆమె 'బిడ్డ'. "బిడ్డా, ఈ కనెక్టరు చూడు", "బిడ్డా, జర ఈ మీటరు పట్టు." దివాకర్ ఇరవై ఏళ్లు ఆయన వెనకాల యాంటెన్నాల ఇనుప పైపులు మోశాడు, మిద్దెలెక్కాడు, ఆయన దవాఖానాలో ఉంటే మంచం పక్కన కూర్చున్నాడు. ఇన్నేళ్లలో ఆయన నోట "ఒరేయ్ దివాకర్" తప్ప ఇంకోటి రాలేదు. బిడ్డా అంటే సొమ్మేం పోయేది? పొద్దున ఆ పిల్ల బొరుగులతో ఉగ్గాని చేసి స్టీలు గిన్నెలో తెచ్చిపెడుతుంది, సారు లొట్టలేసుకుంటూ తింటాడు. దివాకర్ కూడా ఒకసారి తిన్నాడు. బాగుంది. బాగున్నందుకు ఇంకా మండింది.

ఒక్కచోట మాత్రం ఆమె దొరికింది. రెణ్నెల్ల కింద నెట్ నడుస్తుంటే, బుచ్చిరాములు మౌలాలి నుంచి మాట్లాడుతున్నాడని చూసుకోకుండా ఆమె తన సెట్టు నొక్కేసింది. ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఇద్దరు ఒకేసారి మాట్లాడితే వినేవాడికి దగ్గరున్నవాడి గొంతే వినబడుతుంది, దూరపువాడిది దాని కింద అణిగిపోతుంది. హామ్‌లలో అంతకంటే మర్యాద తక్కువ పని లేదు. దివాకర్ అందరి ముందు గాల్లోనే క్లాసు పీకాడు. "చూడమ్మా ప్రియాంక, దగ్గరి గొంతు దూరపు గొంతును తొక్కుతది. ఎదుటోడు మాట్లాడుతుంటే మనం నొక్కొద్దు. గిది ఫస్ట్ పాఠం." ఆమె "తప్పయింది అన్నా" అంది. ఆ వారమంతా దివాకర్ రాత్రిళ్లు బాగా నిద్రపోయాడు.

ఇక దీపం సంగతి. క్లబ్బు సెట్టు పక్కన సారు తన చేత్తో చేసిన చిన్న డబ్బా ఒకటి ఉంటుంది. దాని మొహాన రైల్వే గార్డు పాత లాంతరు నుంచి తీసిన ఎర్రద్దం. బల్ల కింద పెడల్ ఉంటుంది, కాలితో తొక్కితే సెట్టు మాటను గాల్లోకి పంపుతుంది, అప్పుడు ఎర్రద్దం వెలుగుతుంది. వెలిగితే నీ గొంతు ఊరంతా ఉన్నట్టు. ఆరితే నీ మాట ఆ గదిలోనే ఉన్నట్టు. క్లబ్బులో ఎవరు కొత్తగా చేరినా సారు చెప్పే మాట ఒకటే: "దీపం చూడంది నోరు తెరవొద్దు."

ఆ దీపం చచ్చిపోయింది. పెడల్ తొక్కితే మాట పోతోంది, దీపం మాత్రం వెలగడం లేదు. ఆ ముక్క దివాకర్ నెట్‌లో చెప్పగానే సారు బొంగురు గొంతుతో అన్నాడు: "అయితె మంచిదే. ఆ దీపం ఎవలు మంచిగ చేస్తరో కుర్చీ ఆళ్లకే. వచ్చే ఐతారం చెప్త."

అంతే. అది హాస్యమో, నిజమో, సారుకే తెలియాలి. దివాకర్ మాత్రం దాన్ని వేదవాక్కుగా పట్టుకున్నాడు.

సోమవారం ఆఫీసు కాగానే క్లబ్బు గదికి పరుగెత్తాడు. లోపలి ఎల్ఈడీ మార్చాడు. వెలగలేదు. ట్రాన్సిస్టర్ మార్చాడు. వెలగలేదు. రెసిస్టర్ పీకి కొత్తది అతికించి, వేలు కాల్చుకుని, వేలు నోట్లో పెట్టుకుని పెడల్ తొక్కాడు. ఎర్రద్దం చీకటిగా అతన్నే చూస్తోంది. సరిగ్గా అప్పుడే గుమ్మంలో ప్రియాంక ప్రత్యక్షం.

"అన్నా, సెట్టు నుంచి డబ్బాకు వచ్చే వైరు చూసినారా? లోపల తెగిపోయి ఉంటుందేమో. పైన తొడుగు బాగానే కనిపిస్తాది, మనకు తెలీదు."

"ఆ వైరు నేనేసిన. నా చేత్తోని ఏసిన వైరు తెగదు."

"అట్లంటే కాదన్నా, పెడల్ దగ్గర వంగి వంగి..."

"నీకు రీసెర్చి లేదామ్మా?"

ఆమె తన బ్యాగులోంచి సన్నటి సోల్డరింగ్ ఐరన్ ఒకటి తీసి బల్ల మీద పెట్టి, "ఇది సన్నపనికి బాగుంటాది, వాడుకోండి" అని వెళ్లిపోయింది. దివాకర్ దాన్ని ముట్టుకుంటే ఒట్టు. తన మొద్దు ఐరన్‌తోనే మిగతా వారమంతా తిప్పలు పడ్డాడు. వైరు వైపు మాత్రం కన్నెత్తి చూడలేదు. చూస్తే ఆమె మాట విన్నట్టవుతుంది. చూశాక అది నిజంగా తెగి ఉంటే? అంతకంటే దీపం వెలగకపోవడమే నయం. ఇదండీ మనవాడి లెక్క!

ఇంట్లో భార్య వనజ మూడు రోజులు ఊరుకుంది. నాలుగో రోజు చారు పోస్తూ గరిటె ఆపింది.

"ఏమండీ, ఆ పిల్ల నంద్యాలనా, కర్నూలా?"

"నంద్యాల. ఎందుకు?"

"పొద్దుగాల్నుంచి ఆమె పేరే అంటున్నరు. పెండ్లైన కొత్తల నా పేరు గూడ గిన్నిసార్లు అనలే."

"నీకు మజాక్‌గున్నది వనజా. నా కుర్చీ పోతున్నది."

"గా చెయ్యి ఊడిన కుర్చీయేనా? మన ఇంట్ల నాలుగున్నయి, ఒకటి తీస్కపోర్రి." వనజ నవ్వింది. దివాకర్ కంచంలో చెయ్యి కడిగేశాడు.

శనివారం సాయంత్రం డబ్బాను బల్ల అవతలి వైపు జరిపి, విసుగుతో పెడల్ తొక్కాడు. ఎర్రద్దం భగ్గున వెలిగింది! దివాకర్ మళ్లీ తొక్కాడు. మళ్లీ వెలిగింది. ఎందుకు వెలిగిందో అతనికి తెలియదు, తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. వెంటనే సెట్టు మీద సారును పిలిచాడు. "సార్, దీపం మంచిగైంది. ఓవర్." అటు నుంచి సారు దగ్గి, "షాబాష్‌రా" అన్నాడు. దివాకర్ ఆ రాత్రి వనజతో తగువు లేకుండా రెండుసార్లు చారు పోయించుకున్నాడు.

ఆదివారం ఏడున్నరకే గదిలో ఉన్నాడు. గదిలోకి రాగానే ఫోను స్విచాఫ్ చేశాడు. అది అతను పెట్టిన రూలే. రేడియో గదిలో ఎవరి ఫోనూ మోగకూడదు, స్పీకర్లో గరగర వస్తుంది. తలుపు మీద ఎర్ర అక్షరాలతో రాసి అంటించాడు కూడా. కుర్చీలో కూర్చుని పెడల్ తొక్కాడు. దీపం వెలగలేదు.

డబ్బాను అటు జరిపాడు, ఇటు జరిపాడు. నెత్తి మీద ఒకటిచ్చాడు. మిణుక్కుమంది, పోయింది. నెట్‌కు ఇంకా టైముంది, విప్పి చూద్దామని బరువైన ఇనుప టూల్ బాక్సును అలమార మీంచి దించి, స్క్రూడ్రైవరు తీసుకుని, బాక్సును కాలితో బల్ల కిందికి నెట్టాడు. ఆ బాక్సు పోయి పోయి పెడల్ మీద ఎక్కి కూర్చుంది. పెడల్ నొక్కుకుంది. సెట్టు గాల్లోకి తెరుచుకుంది. దీపం వెలిగి ఉంటే చూసేవాడు. దీపానికే కదా రోగం!

స్పీకరు చప్పుడు లేకుండా అయింది. పంపే సెట్టు వినదు కదా, ఎవరేమన్నా దానికి వినబడదు. దివాకర్‌కు అదీ తట్టలేదు. అప్పుడే భూపాల్ ఫ్లాస్కులో చాయ్ పట్టుకొచ్చాడు. భూపాల్ యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేస్తాడు, క్లబ్బుకు సెక్రటరీ, ఎవరితోనూ పేచీ లేని మనిషి.

"ఏంది దివాకర్, మొఖం గట్ల పెట్టినవ్?"

"లైటు నాతోని ఆడుకుంటున్నది భై. బ్యాండ్ మీద చూడు, ఇయ్యాల ఈగ గూడ లేదు."

"జర ఆ ప్రియాంకకు చూపియ్యరాదు? ఒక్క నిమిషంల..."

ఆరిపోతున్న పొయ్యిలో కిరసనాయిలు పోసినట్టయింది.

"ప్రియాంక, ప్రియాంక! మీకందరికి ఏం మందు పెట్టింది ఆమె? మొన్నొచ్చింది. పొద్దుగాల ఉగ్గాని, మాపటికి మిరపకాయ బజ్జి. సీమోళ్ల తెలివి నీకెర్క లేదు భూపాల్. ముందుగాల కడుపు నింపుతరు, ఆనంక కుర్చీ గుంజుతరు."

"అరె, మెల్లగ."

"మెల్లగెందుకు? ఈడ ఎవలున్నరు ఇననీకి?"

"సారు గట్ల ఉగ్గానికి పడిపోయేటోడు కాదు తియ్యి."

"సారా! సారుకు గొంతు పాయె, చెవులు పాయె, ఇగ మతి గూడ పోతున్నది. ఎవలు పళ్లెం పెడ్తె ఆళ్లకు ఫైవ్ నైన్!" గొంతు అద్దంలా వినబడిందని హామ్‌లు ఒకరికొకరు ఇచ్చుకునే పెద్ద మార్కు అది. "ఇరవై ఏండ్లు గులామ్ లెక్క చేసిన. ఒక్కపారి బిడ్డా అన్నడా నన్ను? ముసలాయన ఇంట్ల కూసోని రామా కృష్ణా అనుకోక, కుర్చీ ఆశ పెట్టి నన్ను కోతి లెక్క ఆడిస్తున్నడు. ఆయన ఇగ సెట్టు బంద్ చేస్కుంటే అందరం సుఖపడ్తం."

భూపాల్ తల దించుకుని చాయ్ పోశాడు. దివాకర్ మాత్రం ఆగలేదు. అన్నదే అన్నాడు, తిప్పి తిప్పి అన్నాడు, ఉగ్గానిని మళ్లీ తిట్టాడు, తిట్లలో కొత్తవి దొరికితే వాటినీ కలిపాడు. కడుపులో ఉన్నదంతా కక్కేశాక చాయ్ తియ్యగా దిగింది. పెదవి దాటితే పృథివి దాటుతుందన్నారు పెద్దలు. వాళ్లకు రేడియో సంగతి తెలియకపోయినా బాగానే చెప్పారు.

ఇంతలో మెట్ల మీద నుంచి కూఁ... మని కేక. ఈల లాంటి కేక, చెవులు చిల్లులు పడేలా, దగ్గరవుతున్న కొద్దీ పెరుగుతోంది. మైకు దగ్గరికి స్పీకరు తెస్తే వచ్చే కేక అది. దివాకర్ చేతిలో గ్లాసు ఆగిపోయింది. మైకు మూసి ఉంటే ఆ కేక రాదు.

గుమ్మంలో నారాయణ సారు నిలబడి రొప్పుతున్నాడు. రిటైరైన ప్రొఫెసరు, కర్నూలు మనిషి, రోజూ క్యాంపస్‌లో నడకకు వస్తాడు, నడుముకు చేతి సెట్టు పెట్టుకుంటాడు. ఆ సెట్టే కేకలు పెడుతోంది. ఆయన ఏమీ మాట్లాడకుండా వంగి, టూల్ బాక్సును పెడల్ మీద నుంచి ఈడ్చాడు. కేక ఆగిపోయింది.

"ఫోన్లు చేసి చేసి సచ్చినామప్పా," అన్నాడు. "ఇద్దరివీ స్విచాఫ్. ఏం రూలు పెట్టినావో ఏమో! నాతో నడిచేవాళ్లు నలుగురుండారు. సీమోళ్ల తెలివి కాడ నేనే కాసేపు సౌండు తగ్గించినా."

దివాకర్ గ్లాసు బల్ల మీద పెట్టాడు. "సార్... అందరు ఇన్నరా?"

"మౌలాలి, రామంతాపూర్, అందరూ. మన యాంటెన్నా ఎత్తుమీద ఉంది కదా, బ్రహ్మాండంగా వినపడింది."

"రాజలింగు సారు?"

"ఆయన పొద్దున్నే సెట్టు పెట్టుకోని కూర్చునే మనిషి. నువ్వే చెప్పాల."

కుర్చీ పోతే పోయింది. ఆ ముసలాయన ఒంటరిగా, సెట్టు ముందు చెవి పెట్టి, 'మతి పోతున్నది' అన్న మాట వింటూ కూర్చున్నట్టు దివాకర్ కళ్లకు కట్టింది. భూపాల్ గడియారం వైపు చూశాడు. ఎనిమిదైంది.

"పిలువప్పా," అన్నాడు నారాయణ సారు. "ఎనిమిదయినాక నెట్ ఆగేదానికి లేదు."

దివాకర్ పెడల్ తొక్కాడు. దీపం వెలగలేదు. ఏం పిలిచాడో, ఎలా పిలిచాడో అతనికే తెలియదు. మొదట బుచ్చిరాములు పలికాడు. "మౌలాలి నుంచి బుచ్చిరాములు. నీ ఆవాజ్ మస్తు క్లియర్‌గ ఉన్నది దివాకర్. పొద్దుగాల్నుంచే మస్తు క్లియర్. ఓవర్." రామంతాపూర్ వాళ్లు పేరు చెప్పి ఊరుకున్నారు. మోకాళ్ల నొప్పుల సంగతి ఎవరూ ఎత్తలేదు.

చివరికి తార్నాక. సారు గొంతు బరబరా వచ్చింది.

"ఐతారం ముచ్చట చెప్తనన్న గదా. చెప్తున్న. నా మనసుల ఇద్దరున్నరు. అబద్ధమెందుకు, ఆ పిల్లనే ముందుగాల ఉండె. కాని ఇయ్యాల ఏం చేసిందెర్కనా? నేను తానం చేసి సెట్టు పెట్టంగనే టెస్టింగ్ వన్ టూ త్రీ, వన్ టూ త్రీ అని మొదలువెట్టింది మేడ మీద. ఆగదు. ఎవలన్న మాట్లాడుతున్నరేమో అని సోయి లేదు. మధ్యల ఒక్కపారి ఆపితే ఎవలిదో 'ఉగ్గాని' అని ఒక్క ముక్క ఇనవడ్డది, మళ్లా మొదలు. ఏమమ్మా ప్రియాంక, ఇదేనా నేను నేర్పింది? ఓవర్."

తర్వాత ప్రియాంక గొంతు. "తప్పయింది సార్. కొత్త బ్యాటరీ వేసినా, టెస్టు చేసుకుంటాంటి. ఇంకోసారి చేయను. ఓవర్."

"దివాకర్ ముందే చెప్పిండు, ఈమెకు ఫ్రీక్వెన్సీ మీద మర్యాద లేదని. నేనే ఇనలే. ఆడు దీపం గూడ మంచిగ చేసిండు. కుర్చీ దివాకర్‌దే. అయిపాయె. ఓవర్."

గదిలో ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకోలేదు. దగ్గరి గొంతు దూరపు గొంతును తొక్కుతుంది. ఆ పాఠం ఆమెకు చెప్పింది ఎవరు? మేడ మీది నుంచి ఆమె చేతి సెట్టు నొక్కి వన్ టూ త్రీ చదువుతుంటే, కింది గదిలో సారుకు అదొక్కటే వినబడింది. మౌలాలికి, రామంతాపూర్‌కు దివాకర్ వినబడ్డాడు. సారుకు మాత్రం ఆమె. సీమోళ్ల తెలివని, కుర్చీ గుంజుతారని దివాకర్ అన్నంతసేపు ఆమె నోరు మెదపకుండా విని ఉంటుంది. కింద సారు సెట్టు గుర్రుమనగానే నొక్కింది. ఆ ముసలాయన చెవిన ఆ మాట పడకూడదని.

ఆ నిమిషంలో తనకైతే అది తట్టేదా? తట్టేది కాదు. ఇంత సిగ్గులోనూ దివాకర్‌కు కుళ్లు పుట్టింది చూడండి. సోల్డరింగ్ ఆమెకే బాగా వచ్చు, ఉగ్గాని ఆమెకే వచ్చు, చివరికి మంచితనంలోనూ ఆమెదే పైచేయి. ఛీ, ఏం బతుకు!

ఫ్రీక్వెన్సీ ఖాళీగా ఉంది. బుచ్చిరాములుకు తెలుసు, రామంతాపూర్‌కు తెలుసు, ఎవరూ పలకడం లేదు. అందరూ వింటున్నారు. అతను అనాల్సింది ఒక్కటే మాట. థాంక్యూ సార్. అంటే కుర్చీ తనది, జీవితాంతం. నారాయణ సారు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

దివాకర్ పెడల్ తొక్కాడు.

"సార్, దీపం మంచిగ కాలే. నిన్న అబద్ధం చెప్పిన. డబ్బా జరిపితే ఒకపారి వెలిగింది, గంతే. ఇయ్యాల పెడల్ మీద టూల్ బాక్స్ పడ్డది, దీపం వెలగలే, నేను చూస్కోలే. దీపం చూడంది నోరు తెరిచిన సార్. మీ రూలు ప్రకారం నేను ఈ కుర్చీల కూసోవద్దు. ఆ పిల్ల తప్పేం లేదు. ఓవర్."

సారు అడిగాడు. "నోరు తెరిచి ఏమన్నవ్‌రా?"

నారాయణ సారు గిరుక్కున తిరిగి, వద్దని చెయ్యి ఊపాడు. భూపాల్ కళ్లు మూసుకున్నాడు. దివాకర్ చూశాడు గానీ ఆగలేదు. ఒకసారి అబద్ధం చెప్పిన నోటితో ఇంకోటి చెప్పలేకపోయాడు.

"మిమ్ముల్నే అన్న సార్. చెవులు పాయె, మతి పాయె అన్న. సెట్టు బంద్ చేస్కోవాలె అన్న. ప్రియాంకను అనరాని మాటలన్న. మీరు ఆమెను బిడ్డా అంటరు, నన్నెన్నడు అనలే, గా కడుపుమంటతోని అన్న సార్. గంతకన్న కారణం లేదు. ఓవర్."

కాలు తీశాడు. స్పీకరు గరగరమంది. ఆ గరగరలోంచి సారు గొంతు కోపంతో పగిలిపోతూ వచ్చింది.

"ఓ పిల్లా! మళ్లా వన్ టూ త్రీ మొదలువెడితివా? ఆడు ఏదో చెప్తుండు, ఇననిస్తవా లేదా! ఆ బ్యాటరీ తీసి మోరిల పారెయ్యి!" కాసేపు దగ్గు. తర్వాత గొంతు తగ్గింది, ఎన్నడూ లేనంత మెత్తగా. "దివాకర్, నాకు ఒక్క ముక్క ఇనవడలే. గాబరా పడకు. మళ్లా చెప్పు బిడ్డా. ఓవర్."

దివాకర్ మైకు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఇరవై ఏళ్లు ఎదురుచూసిన మాట. వస్తే ఇప్పుడా రావడం! భూపాల్ నీళ్ల సీసా అందించాడు, దాన్ని తీసుకోవాలన్న ఆలోచన కూడా అతనికి రాలేదు.

ఎట్టకేలకు పెడల్ తొక్కాడు. "ఏం లేదు సార్. లైటు వైరు తెగింది. ప్రియాంక సోమవారమే చెప్పింది, నేనే ఇనలే. జర ఆమెను ఈడికి పంపియ్యుండ్రి. ఓవర్."

"వస్తాండా అన్నా," అంది ప్రియాంక, ఈసారి ఎవరి మాట మీదా పడకుండా, వరస వచ్చాకే. "నా ఐరన్ ఆడనే ఉంది కదా, ప్లగ్గుకు పెట్టి ఉంచండి."

దివాకర్ కుర్చీలోంచి లేచాడు. మిగతా నెట్ నడపమని మైకు నారాయణ సారుకిచ్చాడు. వారమంతా ముట్టుకోని ఆ సన్నటి ఐరన్‌ను తీసి ప్లగ్గుకు పెట్టాడు. ఆమె వచ్చి వైరు ఒక్కసారి వంచి చూసి, తెగిన చోటు పట్టుకుని, ఒక్క నిమిషంలో దీపం వెలిగిస్తుంది. అది తలచుకోగానే కడుపులో మళ్లీ సన్నగా మండింది. అయినా చేతి రుమాలుతో కుర్చీ తుడిచాడు, వదులుగా ఉన్న చేతిని సరిగ్గా నిలబెట్టాడు, తను పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు.